నాలుగో జిరాక్స్ షాపుకు లోనుంది, నడుస్తున్న షాపు కొనడానికి లేదు

తమ్ముడూ, చెల్లె, ఒక పని చెయ్యి. ఈసారి మెదక్ వచ్చినప్పుడు బస్సు దిగంగనే ఆటో ఎక్కకు. బస్టాండ్ నుంచి రాందాస్ చౌరస్తా దాకా నడువు. రెండు దిక్కుల బోర్డులు చదువుకుంట నడువు. కిరాణం, బట్టలు, ఎరువులు, మెడికల్, మొబైల్, టిఫిన్ సెంటర్, ఫ్లెక్సీ ప్రింటింగ్. గల్లా పెట్టె దగ్గర కూసున్నది ఎవరో చూడు. బస్తాలు మోసేది ఎవరో చూడు.

నేను నడిచిన. బస్తాలు మోసేటోళ్ళల్ల మనోళ్ళు మస్తు మంది కనవడ్డరు. గల్లా దగ్గర కూసున్న మనోళ్ళను లెక్కపెట్టనీకె ఒక చేతి వేళ్ళే ఎక్కువైనయి.

వడ్లు అమ్మితే వచ్చిన పైసలు, ఉపాధి హామీ కూలి, అవ్వ పింఛను, హాస్టల్ పిల్లగానికి పంపే ఐదొందలు. ఇవన్నీ తండాల ఎన్ని రోజులు ఉంటయి? వారం తిరగకముందే ఈ బజారుకు వచ్చి పడతయి. పైసలు మనయే, గిరాకీ మనదే, లాభం మాత్రం మనది కాదు. కలెక్టరేట్ ముందు ధర్నా చేసేటప్పుడు ఇచ్చే వినతిపత్రం సుత వేరేటోళ్ళ షాపులనే జిరాక్స్ తీయించుకుంటున్నం.

నేను ఈ రోజు చెప్పేది ఒక్కటే. మన డిమాండ్ల కాయితంల భూమి ఉన్నది, ఉద్యోగం ఉన్నది, రిజర్వేషన్ ఉన్నది. దుకాణం లేదు. దుకాణం అడగడం మనకు ఎవరూ నేర్పలేదు. దుకాణం అంటే కొత్తగా బోర్డు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆరు నెలలకు షట్టర్ దించేది కాదు. ఇప్పటికే నడుస్తున్న, గిరాకీ ఉన్న, లెక్క తెలిసిన దుకాణాన్ని కొనుక్కోవడం. అది మన హక్కుల లిస్టులకు రావాలె.

ఎందుకు చెప్తున్ననో నా ముచ్చట వినండి.

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయి. అంతకుముందు పేరుకు మెదక్ జిల్లా అయినా పెద్దాఫీసులన్నీ సంగారెడ్డిలనే ఉండె. జిల్లా కేంద్రం అయినంక మెదక్‌ల దరఖాస్తుల పని పెరిగింది. 2022 సెప్టెంబర్‌ల రైలు సుత వచ్చింది. క్యాస్ట్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, ధరణి, పరీక్షల ఫారాలు, అన్నిటికీ ఒక ప్రింటు, ఒక జిరాక్స్, ఒక ఆన్‌లైన్. కలెక్టరేట్ దారిల ఒక జిరాక్స్ సెంటర్ ఉండె. ఓనరు హైదరాబాద్‌ల కొడుకు దగ్గరికి పోతున్నడు, షాపు అమ్ముతనన్నడు. నాలుగున్నర లక్షలు చెప్పిండు. నేను, నా ఇద్దరు దోస్తులు, ముగ్గురం డిగ్రీ అయిపోయినోళ్ళమే, కొందామని కూసున్నం. ముగ్గురం కలిసి ఇండ్లల్ల అడిగి, చిట్టీ ఎత్తి లక్షన్నర జమ చేసినం. మిగిలిన మూడు లక్షలకు బ్యాంకుకు పోయినం.

బ్యాంకు సారు మంచిగనే మాట్లాడిండు. "ఎస్టీ స్కీం ఉందమ్మా, సబ్సిడీ కూడా ఉంది. కానీ అది కొత్త యూనిట్‌కు. నడుస్తున్న షాపు కొనడానికి స్కీంలో లేదు. కొత్త మెషీన్‌కు కొటేషన్ పట్టుకురండి, చూద్దాం" అన్నడు.

అర్థమైందా? ఆ రోడ్డు మీద అప్పటికే మూడు జిరాక్స్ షాపులు ఉన్నయి. నాలుగోది పెడతమంటే సబ్సిడీ ఇస్తరట. గిరాకీతోని నడుస్తున్న మొదటి షాపు కొంటమంటే పైస ఇయ్యరట. నాలుగో షాపు పెడితే ఏమైతది? మేం మునుగుతం, లోను మొండి బాకీ అయితది, "ఎస్టీలకు లోన్లు ఇస్తే కట్టరు" అన్న పేరు మొత్తం జాతికి వస్తది.

రెండు నెలలు తిరిగినం. ఆ లోపల ఒకాయన నగదు తెచ్చి షాపు కొనుక్కున్నడు. ఆయన తప్పు ఏమీ లేదు. ఆయనకు బావమరిది ఇచ్చిండు, మేనమామ ఇచ్చిండు. మనకు అప్పు అడిగేటందుకు పైసలున్న మేనమామ లేడు. తేడా అంత వరకే. తెలివిల కాదు, కష్టంల కాదు.

సారు చెప్పింది ఆయన సొంత మాట కాదు, స్కీంలనే ఉన్నది. 2008ల మొదలైన పీఎంఈజీపీ చూడండి. ఎస్టీలకు పల్లెల 35 శాతం, పట్నంల 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. మంచిగనే ఉన్నది. కానీ కొత్త యూనిట్‌కే, ఉన్న యూనిట్‌కు లేదు. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా తెచ్చిండ్రు. ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా లోను ఇయ్యాలన్నరు. అండ్ల సుత అదే ముడి ఉండె: గ్రీన్‌ఫీల్డ్, అంటే మొదటిసారి పెట్టే కొత్త వ్యాపారమే కావాలన్నరు. రాష్ట్రంల 2025ల రాజీవ్ యువ వికాసం అన్నరు. 4 లక్షల దాకా యూనిట్లు, 50 వేల యూనిట్‌కు వంద శాతం సబ్సిడీ, పైకి పోయిన కొద్దీ 90, 80, 70 శాతం. జూన్ 2న మంజూరు కాయితాలు ఇస్తమన్నరు, ఆ రోజు వాయిదా పడ్డది. తండాలల్ల పిల్లలు సర్టిఫికెట్ల కోసం మీసేవల ముందు లైన్లు కట్టిండ్రు. ఆ లైను గిరాకీ సుత ఆ షాపులకే పోయింది, చూస్తిరా?

ఇగ ఇంకో మాట. "వ్యాపారం మీ వల్ల కాదు, మీకు ఆ అలవాటు లేదు" అని మొహం మీదనే అంటరు. మనోళ్ళు సుత అదే నమ్ముతరు. ఇది చరిత్ర తెలియని మాట.

లంబాడీలు ఎవరు? వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన వర్తకులు. మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాళ్ళకు తిండిగింజలు మోసింది బంజారా బిడారులే. టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యం సుత బంజారాలు తెచ్చిన ధాన్యం మీదనే ఆధారపడ్డది. ఎరుకలోళ్ళు ఎవరు? సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు ఊర్లకు మోసి, ఊర్ల నుంచి ధాన్యం కిందికి మోసినోళ్ళు. 19వ శతాబ్దంల రైళ్ళు వచ్చినయి, రోడ్లు వచ్చినయి, ఉప్పు మీద బ్రిటిషోళ్ళ పట్టు వచ్చింది. మన వ్యాపారం కూలింది. తిరుగుడు బతుకు మిగిలింది. అటెంక ఆ తిరుగుడునే నేరం చేసిండ్రు. 1871ల నేరస్థ తెగల చట్టం తెచ్చిండ్రు, 1911ల దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి సుత తెచ్చి ఎరుకలోళ్ళ మీద ముద్ర వేసిండ్రు. 1952ల ఆ చట్టం పోయింది. ముద్ర ఇంకా పోలేదు.

కాబట్టి మనకు వ్యాపారం రాక కాదు. మన దగ్గర నుంచి వ్యాపారం గుంజుకున్నరు. ఈ రెండు మాటలకు చాలా తేడా ఉన్నది. రానిదాన్ని నేర్పుతమంటరు, ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ చేతిల పెడతరు. గుంజుకున్నదాన్ని తిరిగి ఇయ్యాలె.

ఏజెన్సీల 1/70 చట్టం ఉన్నది. భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1970ల గట్టిగ రాసుకున్నరు. దాన్ని కాపాడుకునేటందుకు ఇప్పటికీ కొట్లాడుతనే ఉన్నం. కానీ ఏజెన్సీ బజార్లకు పోయి చూడు, గల్లా పెట్టెలు ఎవరియో నీకే తెలుస్తది. ఇగ మెదక్ అయిదో షెడ్యూల్ ప్రాంతం సుత కాదు, ఆ కొంచెం రక్షణ సుత మనకు లేదు. కాబట్టి మైదానంల ఉన్న మనం వేరే తోవ వెతుక్కోవాలె.

నడుస్తున్నదే ఎందుకు కొనాలె అంటవా? కొత్త షాపుల మొదటి ఏడాది గిరాకీ కోసం ఎదురుచూసుడే సరిపోతది. కిరాయి ఆగది, కరెంటు బిల్లు ఆగది, కిస్తీ ఆగది. ఆస్తి ఉన్నోడు ఏడాది ఆగగలడు, మనం మూడు నెలలు ఆగలేం. నడుస్తున్న షాపుల మొదటి రోజు నుంచే గల్లాల పైసలు పడతయి. అందుకే బీదోనికి కొన్న షాపే తక్కువ ప్రమాదం. స్కీములు రాసినోళ్ళకు ఈ లెక్క తెలియదు. ఎందుకంటే వాళ్ళ జీతం ఒకటో తారీఖు పడతది.

కానీ ఆగు. రీల్స్‌ల ఒకాయన కారు ముందు నిలబడి "ఉద్యోగం వదిలెయ్, బిజినెస్ కొను, పడుకున్నా పైసలొస్తయ్" అంటడు. వాని మాట నమ్మకు. పడుకుంటే పైసలొచ్చే షాపు మెదక్‌ల లేదు, ఎక్కడా లేదు. పొద్దుగాల ఏడింటికి షట్టర్ ఎత్తాలె, రాత్రి తొమ్మిదింటికి దించాలె. వాడు అమ్మేది షాపు కాదు, నీ ఆశ.

కొనేముందు చూడాల్సినయి చెప్తున్న. మేం షాపు పోగొట్టుకున్నా ఇది నేర్చుకున్నం.

ఒకటి. అమ్మేటాయన నోటి లెక్క వినకు. మాకు ఆయన రోజుకు రెండు వేల కాపీలు అన్నడు. జిరాక్స్ మెషీన్ లోపల మీటర్ ఉంటది, ఇప్పటిదాకా ఎన్ని కాపీలు తీసిందో చూపిస్తది. సోమవారం నంబరు రాసుకున్నం, మళ్ళా సోమవారం రాసుకున్నం. ఆయన చెప్పిన దాంట్ల సగమే తేలింది. ఎదురుంగ చాయ్ హోటల్ల కూసొని మనుషులను సుత లెక్కపెట్టినం. కిరాణం అయితే ఏజెన్సీ బిల్లులు అడుగు, టిఫిన్ సెంటర్ అయితే పిండి బస్తాలు, సిలిండర్లు లెక్కపెట్టు, ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఆరు నెలలది చూడు. సామాను అబద్ధం చెప్పది.

రెండు. లాభంల నుంచి నీ కూలి తీసెయ్. కిరాయి, కరెంటు, సామాను పోను నెలకు 25 వేలు మిగులుతయి అనుకో. అదే పని ఇంకో షాపుల జీతానికి చేస్తే నీకు 12 వేలు వస్తయి. అంటే షాపు సంపాదించింది 13 వేలే, ఏడాదికి లక్షా 56 వేలు. నాలుగున్నర లక్షలు పెడితే దగ్గర దగ్గర మూడేండ్ల లాభం ముందుగాలనే ఆయన చేతుల పోస్తున్నవు. అప్పుడు బేరం చెయ్యాలె.

మూడు. వడ్డీ. బ్యాంకుల మూడు లక్షలు 12 శాతానికి మూడేండ్లకు తీసుకుంటే నెలకు దగ్గర దగ్గర పది వేల కిస్తీ, మూడేండ్లకు బాకీ ముగుస్తది. అదే మూడు లక్షలు బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు తొమ్మిది వేలు వడ్డీకే పోతయి, అసలు మూడేండ్ల తర్వాత సుత మూడు లక్షలే ఉంటది. ఒక్క వెయ్యి రూపాయలే తేడా కనవడతది, కానీ ఒకటి తోవ, ఇంకోటి బావి.

నాలుగు. మడిగె ఎవరిది? షాపు కొన్నా మడిగె ఓనరు కొత్త అగ్రిమెంట్ రాసియ్యకపోతే నువ్వు కొన్నది నాలుగు కుర్చీలే. ముందు ఆయనతో కూసో, ఎన్నేండ్లకు, ఎంత కిరాయికి రాయించుకో. మెషీన్ మీద ఫైనాన్స్ బాకీ ఉన్నదా, కరెంటు బిల్లు పెండింగ్ ఉన్నదా, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ ఎవరి పేరు మీద ఉన్నదో చూడు. మెడికల్ షాపు అయితే ఫార్మసిస్టు లేకుండ నడవదు, అది మర్చిపోకు.

ఐదు. అమ్మినాయన నెల తర్వాత పక్కనే ఇంకో షాపు పెడితే? పాత గిరాకీ అంతా ఆయన వెంట పోతది. 1872 కాంట్రాక్ట్ చట్టంల 27వ సెక్షన్ మామూలుగ "ఫలానా వ్యాపారం చెయ్యొద్దు" అనే ఒప్పందాలను చెల్లనియ్యది. కానీ ఒక్క మినహాయింపు ఇచ్చింది. షాపు పేరు, గిరాకీ, అంటే గుడ్‌విల్ అమ్మినోడు ఫలానా హద్దుల లోపల అదే వ్యాపారం పెట్టనని రాసియ్యొచ్చు, న్యాయమైన హద్దులైతే అది చెల్లుతది. ఆ ఒక్క వాక్యం కాయితంల రాయించుకో.

ఆరు. పైసలు ఒకేసారి ఇయ్యకు. సగం ఇప్పుడు, సగం ఏడాదిల. ఆయన చెప్పిన లెక్క నిజమైతే ఒప్పుకుంటడు. నిజం కాకపోతే తప్పించుకుంటడు. ఆ రెండు నిమిషాలల్ల నీకు అసలు ముచ్చట తెలిసిపోతది.

ఏడు. అన్నిటికంటే పెద్దది. పేరు నీది, పెట్టుబడి ఇంకొకరిది అయితే ఆ షాపు నీది కాదు. 2021ల వైన్ షాపుల లైసెన్సులల్ల ఎస్టీలకు 5 శాతం పెట్టిండ్రు. వెంటనే మన ఇంటి ముందర కార్లు ఆగినయి. "నీ సర్టిఫికెట్ ఇయ్యి, పైసలు మేం పెడతం, నీకింత ఇస్తం." వైన్ షాపు కొనమని నేను చెప్పను, మన ఇండ్లు కూల్చిందే అది. కానీ బేరం గుర్తుపట్టుండ్రి. క్యాస్ట్ సర్టిఫికెట్ మీద మన అవ్వల, అయ్యల కష్టం ఉన్నది. దాన్ని కిరాయికి ఇచ్చినోడు షావుకారు కాడు, వాని సంతకం కూలిపని చేసింది, అంతే.

ఇప్పుడు మన సంఘంల పెద్దన్నలు ఒక ప్రశ్న వేస్తరు, నాకు తెలుసు. "షావుకార్ల మీద కొట్లాడిన జాతి మనది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల భూమి పట్టాల కోసం, వడ్డీ వ్యాపారుల దోపిడీ మీద సభ పెట్టుకుంటే తుపాకులు పేల్చిండ్రు. నువ్వు మనల్నే షావుకార్లను చేస్తవా?"

అన్నా, మంచి ప్రశ్న. నా జవాబు ఇది. ఇంద్రవెల్లిల మనోళ్ళు దుకాణం మీద కొట్లాడలేదు, దోపిడీ మీద కొట్లాడిండ్రు. తూకంల మోసం, ఉద్దెర లెక్కల మోసం, వేలిముద్ర తీసుకొని భూమి గుంజుకునుడు. దుకాణం మన చేతిల ఉంటే ఉద్దెర పుస్తకం మన చేతిల ఉంటది, తూకం రాయి మన చేతిల ఉంటది. మనం అదే మోసం చేస్తే మన పిల్లలే మన మీద జెండా ఎత్తాలె, ఎత్తుతరు సుత. 1956లనే గిరిజన సహకార సంస్థ ఎందుకు పెట్టిండ్రు? ప్రైవేటు వ్యాపారి చేతిల అడవి బిడ్డ మోసపోవద్దని, కొనుడు అమ్ముడు మన కోసం ఒక సంస్థ చెయ్యాలని. ఆలోచన సరైనదే. అది సర్కారు చేతిల నుంచి మన చేతికి రాలేదు, లోటు అదే. అందుకే నేను ఒక్కనివి కొనుక్కో అంటలేను. ముగ్గురు, ఐదుగురు కలిసి, వాటాలు రాసుకొని కొనుండ్రి అంటున్న. మన అక్కలు సంఘాలల్ల వారం వారం జమ చేసి, లోను తీసి, తిప్పి కట్టి చూపెట్టిండ్రు. చదువుకున్న మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడొద్దు.

"అయితే గ్రూప్స్ చదవొద్దా, రిజర్వేషన్ వదిలెయ్యాల్నా?" చదువు తమ్ముడూ, చదువు. కానీ నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్‌ల రూము కిరాయి కట్టుకుంట ఎన్నేండ్లు? మా దోస్తులల్ల ముప్పై దాటినోళ్ళు ఉన్నరు. ఒక ఉద్యోగం ఒక ఇంటిని నిలబెడతది. ఒక షాపు ఇంటిని నిలబెట్టి, తండా నుంచి ఇంకో ఇద్దరికి పని ఇస్తది, రేపు ధర్నా అంటే "మా ఓనరు సెలవు ఇయ్యలే" అనే మాట ఉండది. సొంత సంపాదన లేనోడు ఎక్కువ కాలం కొట్లాడలేడు. ఎన్నికల ముందు ఐదొందల నోటుకు, బీరు సీసకు మనోళ్ళు ఎందుకు లొంగుతున్నరో ఆలోచించుండ్రి.

ఇగ మన డిమాండ్లు. ఈసారి కలెక్టరేట్‌కు పోయినప్పుడు వినతిపత్రంల ఇవి చేర్చుదాం.

ఎస్టీ స్కీములల్ల "కొత్త యూనిట్" అనే షరతు తీసెయ్యాలె. లెక్కలు సరిగ్గ ఉన్న, నడుస్తున్న షాపు కొనుక్కునేటందుకు సుత అదే సబ్సిడీ, అదే లోను ఇయ్యాలె.

ట్రైకార్ ఇచ్చే సాయంల షాపు లెక్కలు చూసే మనిషిని సుత ఇయ్యాలె. మేక, బర్రె, ఆటో మాత్రమే కాదు.

మున్సిపాలిటీ, మార్కెట్ యార్డు మడిగెలల్ల ఎస్టీలకు వాటా పెట్టాలె, దాన్ని బినామీలు తినకుండ ఏడాదికోసారి తనిఖీ చెయ్యాలె.

అవి వచ్చేదాకా ఊరికె కూసోవద్దు. ముద్రా లోను ఉన్నది, 10 లక్షల దాకా తాకట్టు అడగొద్దు, ఉన్న వ్యాపారానికి సుత ఇస్తరు. మెషీన్‌కు, స్టాక్‌కు అడుగుండ్రి. బ్యాంకు లేదంటే ఎందుకు లేదో కాయితం మీద రాసియ్యమనుండ్రి. నోటితో చెప్పిన "లేదు"కు, రాసిచ్చిన "లేదు"కు చాలా తేడా ఉంటది. రాసిచ్చిన దాని మీద మనం కొట్లాడొచ్చు.

మేం ముగ్గురం ఆగలేదు. లక్షన్నర అట్లనే ఉన్నది, నెలకు ఇంత కలుపుతున్నం. ఏడుపాయల జాతర దారిల ఒకటి, బస్టాండ్ దగ్గర ఒకటి చూసి పెట్టుకున్నం. చాయ్ హోటల్ల కూసొని లెక్క రాసుకుంటున్నం. ఈసారి నంబర్లు మా దగ్గర ముందుగాలనే ఉంటయి.

మీ ఊర్ల, మీ టౌన్ల అమ్మకానికి ఉన్న షాపు ఏది, ఓనరు ఎంత చెప్తున్నడు, అసలు లెక్క ఎంత, రాసుకొని మీటింగ్‌కు తెండ్రి. ముచ్చట్లు కాదు, లెక్కలు తెండ్రి. వచ్చే ఏడాది మన వినతిపత్రం మన షాపులనే జిరాక్స్ కావాలె.

జై ఆదివాసీ!